పిల్లల లెక్క ఊరికి చెప్పాలి

(హైమన్‌డార్ఫ్, బెట్టి ఎలిజబెత్ దంపతుల స్మారకోపన్యాసం)



  

మనం ఎవరి పేరు తలుచుకుంటున్నామో ఆ ఇద్దరూ ఈ ఆదిలాబాద్ నేల మీద పుట్టినవాళ్లు కారు. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన మన దేశంలో ఉన్నారు. ఆస్ట్రియా అప్పటికే జర్మనీలో కలిసిపోవడంతో బ్రిటిష్ వాళ్ల లెక్కలో ఆయన శత్రుదేశస్థుడయ్యారు. హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోవాల్సి వచ్చింది. 1940లో జోడేఘాట్‌లో గోండుల తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం నేలకొరిగాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవలసిన అవసరం నిజాం సర్కారుకు పడింది. ఆ పని మీద ఆదిలాబాద్ వచ్చిన హైమన్‌డార్ఫ్ మార్లవాయి అనే గోండు గూడెంలో గుడిసె వేసుకున్నారు. భార్య బెట్టి ఎలిజబెత్ ఆయనతో పాటు అదే గుడిసెలో ఉన్నారు, అదే బాటల్లో నడిచారు. 1987 జనవరిలో ఆమె హైదరాబాద్‌లో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన ఆయన అస్థికలను 2012లో తెచ్చి ఆమె పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న ఆ రెండు సమాధుల దగ్గర జనం కూడుతూనే ఉన్నారు. తమ పిల్లలకు ఆ దంపతుల పేర్లు పెట్టుకున్న ఇళ్లు ఈ గుట్టల్లో ఉన్నాయి.

వాళ్ల పరిశోధన గురించి చెప్పడానికి నాకంటే తగినవాళ్లు ఉన్నారు. నేను ఒక్క విషయమే మాట్లాడతాను. పిల్లల బాగు కోసం ఒక ఊరిలో ప్రభుత్వ శాఖలు, సంఘాలు, తల్లిదండ్రులు కలిసి పనిచేయడం అంటే ఏమిటి? ఆ కలయిక ఎప్పుడు నిలుస్తుంది? నా జవాబు ముందే చెబుతాను. శాఖలన్నీ తమ పిల్లల లెక్కను పైఅధికారికి చెప్పినంత కాలం ఆ కలయిక కాగితం మీదే ఉంటుంది. అదే లెక్క ఊరి ముందు, తల్లుల ముందు కూర్చుని చెప్పిన రోజున నిలుస్తుంది.

1. ఒక్క పిల్ల, ఆరు రిజిస్టర్లు

తిర్యాణి గుట్టల్లో ఒక కొలాం ఆదివాసీల గూడెం. అక్కడ ఒక పిల్ల ఉందనుకుందాం. పేరు పెట్టను. ఇలాంటి పిల్ల మీ అందరికీ తెలుసు.

ఆమె కడుపులో ఉండగానే తల్లి పేరు ఏఎన్‌ఎం రిజిస్టర్‌లోకి ఎక్కింది. పుట్టాక అంగన్‌వాడీ టీచర్ నెలనెలా బరువు తూచి చార్టులో చుక్క పెట్టింది. ఆకుపచ్చ గీతల్లో మొదలైన చుక్క రెండో ఏడు వానాకాలంలో విరేచనాలు పట్టుకున్నాక పసుపులోకి జారింది. జబ్బకు కొలత టేపు చుట్టి చూశారు. పదకొండున్నర సెంటీమీటర్ల లోపుంటే ఎరుపు. ఈ పిల్లకు పన్నెండు వచ్చింది. ఎరుపు కాదు కాబట్టి పేరు పైకి పోలేదు. ఆరేళ్లు నిండగానే ఆ చార్టు అక్కడితో ఆగిపోయింది. పిల్ల ఆశ్రమ పాఠశాలకు పోయింది. అక్కడ హాజరు పట్టీలో ఆమెది కొత్త పేరు. చిన్నప్పటి బరువు సంగతి వార్డెన్‌కు తెలియదు. దండారి పండుగకు ఇంటికి వచ్చిన పిల్ల పత్తి ఏరుడు అయిపోయేదాకా తిరిగి పోలేదు. హాజరు పట్టీలో ఎర్ర సిరాతో ‘గైర్హాజరు’ అని పడింది. తల్లికి జ్వరం వచ్చిందనీ, చెల్లెల్ని చూసుకునే మనిషి లేదనీ ఆశాకు తెలుసు. ఆ కబురు బడికి చేరలేదు. పదిహేనో ఏట సంబంధం వచ్చింది. అది కులపెద్దలకు తెలుసు, పోలీసుకు తెలియదు.

ఇందులో ఎవరూ పని ఎగ్గొట్టలేదు. ప్రతివాళ్లూ తమ రిజిస్టర్ రాశారు. ఆరు చోట్ల ఆరు ముక్కలుగా ఉన్న పిల్లను ఒక్క మనిషిగా చూసే చోటు మాత్రం ఊళ్లో ఎక్కడా లేదు.

చోటు లేదంటే కమిటీలు లేవని కాదు. విద్యాహక్కు చట్టం పాఠశాల యాజమాన్య కమిటీని తెచ్చింది. 2024లో మన రాష్ట్రంలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీ ఒకటి ఉంది. అంగన్‌వాడీ సహాయక కమిటీ ఉంది. గ్రామ బాలల పరిరక్షణ కమిటీ ఉంది. అన్నిటిలోనూ అదే సర్పంచ్, అదే టీచర్, అదే ఆశా. అన్నిటికీ వేరువేరు తీర్మానాల పుస్తకాలు. ఇక 2018 పంచాయతీరాజ్ చట్టాన్ని తీసుకోండి. ప్రతి పంచాయతీకి నాలుగు స్థాయీ సంఘాలు ఉండాలంది: పారిశుధ్యానికి ఒకటి, వీధిదీపాలకు ఒకటి, మొక్కలకు ఒకటి, పనులకూ సంతకూ ఒకటి. దీపానికీ మొక్కకూ సంఘం ఉంది. పిల్లల పేరు మీద ఆ నాలుగింటిలో ఒక్కటీ లేదు.

ఫలితం అంకెల్లో కనిపిస్తోంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో అయిదేళ్లలోపు పిల్లల్లో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన పసివాళ్లలో 70 శాతం మందికి రక్తహీనత. ఇరవై నుంచి ఇరవైనాలుగేళ్ల మధ్య స్త్రీలలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. ఇవి రాష్ట్రం మొత్తానికి సగటులు. గుట్టల మీదికి పోయేకొద్దీ ఎలా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

2. మార్లవాయి పాటించిన వరుస

ఎనభై ఏళ్ల కిందట ఇక్కడ ఏం జరిగిందో ఒకసారి చూద్దాం. హైమన్‌డార్ఫ్ వచ్చేనాటికి ఈ ప్రాంతంలో బడి లేకపోవడం ఒక్కటే కష్టం కాదు. రిజర్వు అడవి పేరుతో గూడేలను ఖాళీ చేయించారు. వడ్డీ వ్యాపారుల చేతుల్లోకి భూములు పోతున్నాయి. పిల్లవాడికి పలక ఇస్తే సరిపోతుందని ఆయన అనుకోలేదు. ఆ దశాబ్దంలో గోండు, కొలాం కుటుంబాలకు పట్టాలు ఇప్పించే పని జరిగింది. తిండి గింజలకు ఆధారం దొరికిన ఇంట్లోంచే పిల్లవాడు బడికి వస్తాడు. భాగస్వామ్యానికి మొదటి మెట్టు ఇదే. పిల్ల కష్టం ఏ శాఖలో మొదలైందో ఆ శాఖ ముందు కదలాలి. భూమి దగ్గర మొదలైన కష్టాన్ని బడి దగ్గర తీర్చలేం.

రెండో మెట్టు మనిషి. 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం తెరిచారు. బయటి నుంచి పంతుళ్లను తేలేదు. గోండు యువకుల్నే పిలిచి, వాళ్లకే నేర్పి, వాళ్లనే గూడేలకు పంపారు. గోండిలో వాచకాలు తయారయ్యాయి. పిల్లవాడు ఇంట్లో మాట్లాడే మాటతోనే అక్షరం మొదలైంది. ఆరు దశాబ్దాల తర్వాత, 2000 దశకంలో, గోండి, కొలామి, బంజారా, కోయ వంటి ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే మొదలుపెట్టింది. అంటే మార్లవాయి సరైన దారిలోనే ఉందన్నమాట.

మూడో మెట్టు దర్బారు. కెస్లాపూర్‌లో గోండుల్లోని మెస్రం వంశీయుల నాగోబా జాతర పుష్య అమావాస్యకు జరుగుతుంది. వేల మంది ఒకచోట చేరే ఆ సమయంలో అధికారులే వచ్చి కూర్చుని జనం గోడు వినాలన్న పద్ధతి 1940ల్లో హైమన్‌డార్ఫ్ చొరవతో మొదలైంది. ఇప్పటికీ నాగోబా దర్బారుకు కలెక్టరూ సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారీ వస్తారు. ఇందులో గొప్పదనం ఒకటుంది. జనం తిరిగే ఆఫీసులన్నీ ఆ ఒక్క రోజు జనం దగ్గరికి వస్తాయి. అర్జీ ఏ శాఖదని అడిగేవాడు ఉండడు. అందరూ అక్కడే ఉంటారు.

భూమి, మనిషి, దర్బారు. ఈ మూడూ కలిసినప్పుడే మార్లవాయిలో చదువు నిలబడింది. మొదటి రెండింటి గురించి మనం చాలా మాట్లాడాం. మూడోదాన్ని ఏడాదికి ఒక్కసారి జాతరకు వదిలేశాం.

3. కళ్ల ముందున్న మూడు పనులు

మనవాళ్లు ఏమీ చేయడం లేదని నేను అనను. సమగ్ర శిశు అభివృద్ధి పథకం 1975 అక్టోబరు 2న దేశంలో మొదలైనప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి ప్రాజెక్టులలో ఉట్నూరు ఒకటి. పిల్లల పోషణలో యాభై ఏళ్ల అనుభవం ఉన్న నేల ఇది.

ఆ ఉట్నూరులోనే భీంబాయి ఆదివాసీ మహిళా సహకార సంఘం ఇప్పపువ్వు లడ్డూ చేస్తోంది. అది ఎలా తయారవుతుందో దగ్గర నుంచి చూడండి. ఎండాకాలం తెల్లవారుజామున చెట్టు కింద రాలిన పువ్వును ఆడవాళ్లు ఏరతారు, ఎండబెడతారు. దాన్ని శుభ్రం చేసి, వేయించి, పల్లీ, నువ్వులు, బెల్లం కలిపి ఉండ కడతారు. ఆ ఉండ ఆశ్రమ పాఠశాలలో రక్తహీనత ఉన్న పిల్ల చేతికి చేరుతుంది. అడవి నుంచి పువ్వు, గూడెం ఆడవాళ్లకు కూలీ, ఐటీడీఏ నుంచి కొనుగోలు, పిల్లకు బలం. గిరి పోషణ పేరుతో ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు కూడా ఇదే ఐటీడీఏతో కలిసి జొన్నలు, పప్పులతో తినుబండారాలు తయారు చేయించారు. ఇది అసలైన భాగస్వామ్యం. ఎందుకంటే ఇందులో తల్లులు లబ్ధిదారులు కారు, చేసేవాళ్లు. కొరత ఒక్కటే. లడ్డూ తిన్న పిల్ల రక్తం ఎంత పెరిగిందో ఆ లడ్డూ చేసిన తల్లికి ఎవరూ వచ్చి చెప్పరు.

రెండోది కరీంనగర్‌ది. అంగన్‌వాడీ కేంద్రాల్లో శుక్రవారం సభలు నడుస్తున్నాయి. అంగన్‌వాడీ టీచరూ ఏఎన్‌ఎమూ ఆశా ఒకే చోట ఉంటారు. ఊరి ఆడవాళ్లు వచ్చి కూర్చుంటారు. ఆరోగ్యం, తిండి, పిల్లల సంగతులు మాట్లాడుకుంటారు. 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ కార్యక్రమం కూడా కరీంనగర్‌లోనే మొదలైంది. మాట్లాడే రోజు ఒకటుందని తెలిస్తే దాచుకున్న జబ్బు బయటికి వస్తుంది. ఇక్కడ చర్చ ఉంది, సలహా ఉంది. ఇంకా కావలసింది అడిగే హక్కు.

మూడోది ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్. పోలీసులు, కార్మిక శాఖ, శిశు సంక్షేమ శాఖ, స్వచ్ఛంద సంస్థలు ఒకే జీపులో వెళతారు. పెద్దపల్లి, కరీంనగర్ వైపు ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మట్టి మోస్తుంటారు. అలాంటి పిల్లల్ని ఆ నెలలో బయటికి తెస్తారు. ఫిబ్రవరిలో ఆ పిల్ల ఎక్కడుంది? ఆగస్టులో ఎక్కడుంది? బాలల హక్కుల కోసం పనిచేసిన శాంతా సిన్హా గారు, ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లా ఊళ్లలో చూపించింది ఇదే. పిల్లను పనిలోంచి తేవడం ఒక్క రోజు పని, బడిలో నిలపడం ఊరు ఏళ్ల తరబడి చేసే పని. అందుకే వాళ్లు ఉపాధ్యాయుల్ని, యువకుల్ని, పంచాయతీని కలిపి వేదికలు కట్టారు.

మూడు పనులూ మంచివే. మూడింటిలోనూ లేనిది ఒక్కటే: ఊరికి తిరిగి చెప్పే లెక్క.

4. మీసాలు మొలిచే వయసు

వెనక కూర్చున్న విద్యార్థులు ఇది వినాలి. పిల్లల బాగు అనగానే మనం అయిదేళ్లలోపు వాళ్లతో ఆగిపోతాం. పదమూడు నుంచి ఇరవై దాకా ఉన్నవాళ్లను ఏ శాఖా తనవాళ్లనుకోదు.

జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లకు పోండి. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి పొద్దంతా చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరించి బీడీలు చుడుతుంది. పిల్లవాడు నాయనమ్మ దగ్గర పెరుగుతాడు. తండ్రిని వీడియో కాల్‌లో చూస్తాడు. ఇంటి అప్పు తీరాలంటే నువ్వు బాగా చదవాలని ఆ ఫోన్‌లోనే వింటాడు. ఆ బరువుతోనే ఇంటర్ పరీక్ష రాస్తాడు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత ఈ రాష్ట్రం ఎంతమంది పిల్లల్ని ఆత్మహత్యల్లో పోగొట్టుకుందో మనం మరిచిపోకూడదు. ఇప్పుడు మానసిక కష్టంలో సాయానికి టెలీ మానస్ నంబరు ఉంది, 14416. ఆ నంబరు ప్రతి కాలేజీ గోడ మీద ఉండాలి. కానీ గోడ మీది అంకె కంటే ముందు, ‘ఏమైందిరా, వారం నుంచి కనబడవు’ అని అడిగే మనిషి వీధిలో ఉండాలి.

వీధి ఇలా పిల్లల్ని పట్టించుకోవడం పరాయి దేశంలో కుదిరింది. ఐస్‌లాండ్ జనాభా నాలుగు లక్షల లోపు, అంటే మన ఒక్క జిల్లా కంటే తక్కువ. అక్కడ 1998లో పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో తాగి మత్తెక్కామని చెప్పారు. 2016 నాటికి అది 5 శాతానికి దిగింది. భయపెట్టే ఉపన్యాసాలతో దించలేదు. ఏటా పిల్లల్నే అడిగారు. వచ్చిన జవాబులను ఏ బడికి ఆ బడికి, ఏ పేటకు ఆ పేటకు తిరిగి ఇచ్చారు. తల్లిదండ్రులు కలిసి సాయంత్రాలు వీధుల్లో తిరిగారు. పురపాలికలు ఆటలకు, సంగీతానికి డబ్బు పెట్టాయి. పేటకు దాని లెక్క దానికి చూపించారు కాబట్టే పేట కదిలింది.

ఆటా పాటా మనకు కొత్త కాదు. దండారి రోజుల్లో గోండు యువకులు గుంపు కట్టి ఊరూరా తిరుగుతారు. ఏ ఊరికి పోతే ఆ ఊరు అన్నం పెడుతుంది. గుస్సాడీ నాట్యం నేర్పిన మార్లవాయి కనకరాజు గారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన మనల్ని విడిచిపోయారు. పెద్దవాడు కుర్రవాళ్ల మధ్య నిలబడి ఒక విద్య నేర్పడం కూడా పిల్లల సంక్షేమమే. దానికి పద్దు పుస్తకంలో చోటు లేకపోవడం పుస్తకం లోపం.

5. పిల్లల దర్బారు

ఇప్పుడు నా ప్రతిపాదన. చట్టం కొత్తగా రాయనక్కర్లేదు. 2018 చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి జరగాలి, అంటే ఏడాదికి ఆరు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు మరింత బలం ఇచ్చింది. ఆ ఆరింటిలో నాలుగు సభలు పిల్లలకు కేటాయిద్దాం.

ఏ నెలల్లో అన్నది పిల్లల కాలాన్ని బట్టి ఉండాలి. ఒకటి జూన్‌లో బడి తెరవగానే: ఎవరు చేరారు, ఎవరు ఆగిపోయారు. రెండోది ఆగస్టులో జ్వరాల కాలంలో: దోమతెరలు, తాగునీళ్లు, హాస్టల్ తిండి. మూడోది దండారి అయిపోయాక, పత్తి చేతికొచ్చే వేళ: బడికి తిరిగి పోనివాళ్లెవరు. నాలుగోది ఫిబ్రవరిలో, పరీక్షలకూ పెళ్లిళ్లకూ ముందు.

పుస్తకం ఒక్కటే ఉండాలి. పుట్టిన బిడ్డ నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఊళ్లో ఉన్న ప్రతి పిల్ల పేరూ అందులో ఉండాలి. ఆశ్రమ పాఠశాలలో ఉన్నా, ఇటుక బట్టీకి వలస వచ్చిన కుటుంబం పిల్ల అయినా పేరు ఉండాల్సిందే. సభ పిలిచేది మహిళల గ్రామ సమాఖ్య. గూడెంలో అయితే తల్లులూ పటేలూ కలిసి. ఏఎన్‌ఎం, టీచర్, వార్డెన్, పంచాయతీ కార్యదర్శి, పోలీస్ స్టేషన్ నుంచి ఒకరు వచ్చి కూర్చోవాలి. తల్లి అడుగుతుంది. అధికారి తేదీతో జవాబు చెబుతాడు. తర్వాతి దర్బారు పోయినసారి ఇచ్చిన మాటలు చదవడంతో మొదలవుతుంది. మొత్తం పద్ధతిలో ప్రాణం ఈ చివరి నిబంధనలోనే ఉంది. పైవాడికి పంపిన నివేదికలో పొరపాటు ఉంటే ఎవరూ పట్టుకోరు. ‘మా పిల్లకు కళ్లద్దాలిస్తానని ఆగస్టులో అన్నావు కదా సారూ’ అని ఒక తల్లి లేచి అడిగితే, ఆ మాట ఎవరూ దాటవేయలేరు.

పదమూడు దాటిన పిల్లలు కూడా సభలో కూర్చోవాలి, మాట్లాడాలి. భారతదేశం 1992లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక చెప్పేది అదే: తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట వినాలి.

6. ఎదురయ్యే ప్రశ్నలు

కొందరు మిత్రులు ఇప్పటికే అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పి ముగిస్తాను.

అన్నీ నలుగురిలో మాట్లాడవచ్చా? మాట్లాడకూడదు. లైంగిక హింస, ఇంట్లో దెబ్బలు, జరగబోయే బాల్యవివాహం వంటివి దర్బారులో పేరుతో రాకూడదు. పోక్సో చట్టం పిల్ల గుర్తింపు బయటపెట్టడాన్ని నేరమంది. వాటికి పిల్లల సహాయ నంబరు 1098 ఉంది, బాలల సంక్షేమ సమితి ఉంది. అలాంటి కబురును గుట్టుగా చేరవేసే ఇద్దరు నమ్మకస్తులు ఎవరన్నది మాత్రం సభలోనే తేల్చాలి.

ఊళ్లో బలమున్న ఇళ్లే సభను నడిపిస్తే? నడిపిస్తాయి, మనం ఊరుకుంటే. అందుకే పుస్తకం చదవడం ఊరి చివరి వాడ నుంచి, చిట్టచివరి గుంపు నుంచి మొదలు కావాలి. కొలాం, తోటి పిల్లల పేర్లు ముందు, పెద్దింటి పిల్లల పేర్లు తర్వాత. వరుస మారిస్తే సభ మారుతుంది.

అంగన్‌వాడీ టీచర్ మీద ఇంకో బరువా? ఇక్కడున్న టీచర్ల మొహాల్లో ఆ ప్రశ్న నాకు కనబడుతోంది. అది న్యాయమైన ప్రశ్న. గౌరవ వేతనం మీద పనిచేసే మనిషి మీద ఆరో యాప్, ఏడో రిజిస్టర్ పెట్టడం అన్యాయం. ఒక్క పుస్తకం పెడితే మిగతా పుస్తకాలు తీసేయాలి. పై శాఖలు తమకు కావలసిన అంకెలు ఆ ఒక్క పుస్తకం నుంచే తీసుకోవాలి. ఇది జరగకపోతే ఈ ప్రతిపాదనను మీరే తిప్పికొట్టండి. నేను మీ పక్షాన నిలబడతాను.

2016 అక్టోబరు 11న మన పాత ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాలు ముక్కలై కొత్త జిల్లాలయ్యాయి. ప్రజలకు పాలన దగ్గరవుతుందన్నారు. కలెక్టరేట్ దగ్గరైంది, సంతోషం. ఇక ఆ పాలన పిల్ల దగ్గరికి నడిచి రావాలి. వచ్చే జూన్‌లో ఒక్క మండలం మొదలుపెడితే చాలు. అది జైనూర్ కావచ్చు, తిర్యాణి కావచ్చు, కరీంనగర్ వైపు ఏ బీడీల ఊరైనా కావచ్చు. నిర్వాహకులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే ఏడు ఈ వేదిక మీద నాలాంటివాళ్ల ఉపన్యాసం వద్దు. ఆ మండలం తల్లులు నలుగురు పుస్తకం పట్టుకుని వచ్చి, ఎవరెవరు ఏ మాట ఇచ్చారో, ఏది నిలబెట్టుకున్నారో ఈ సభకు చదివి వినిపించాలి. హైమన్‌డార్ఫ్ దంపతుల పేర జరిగే సభకు అంతకంటే తగిన ప్రసంగం ఉండదు.